వైజాగ్ నుంచి వెళ్ళి గోల్డెన్ గేట్ బ్రిడ్జి మీద నడవాలంటే

మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్ళ పిల్లలు అమెరికాలోనే ఉన్నారు. ఏప్రిల్ వచ్చిందంటే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే అటక మీంచి సూట్‌కేసులు దించి దులుపుతుంటారు. ఒకరింట్లో ఆవకాయ ప్యాకింగు, ఇంకొకరింట్లో మాడుగుల హల్వా. శాన్ ఫ్రాన్సిస్కో వైపు వెళ్ళేవాళ్ళయితే లిఫ్టు దగ్గర నన్ను ఆపి అడిగేది ఒకటే: "గోల్డెన్ గేట్ మీద మీరు నడిచారట కదండీ, మేమూ నడవగలమా?"

నడవగలరు. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి జూలైలో, ఏమీ తెలీకుండా. రెండోసారి అక్టోబరులో, బుద్ధొచ్చాక. ఇక్కడ రాసేదంతా ఆ మధ్యలో నేర్చుకున్నదే.

ముందే ఒక మాట. పిల్లలు మనల్ని ప్రేమగానే తీసుకెళ్తారు, కానీ వ్యూ పాయింట్ దగ్గర దించి, నాలుగు ఫొటోలు తీసి, పదిహేను నిమిషాల్లో మళ్ళీ కారెక్కించేస్తారు. ఆ రోజు లిస్టులో ఇంకా మూడు చోట్లుంటాయి మరి. అలా చూస్తే క్యాలెండర్లో బొమ్మ చూసినట్టే. ఆ వంతెన కాళ్ళకే అర్థమవుతుంది. కనీసం మొదటి టవర్ దాకా నడవాలి, దానికి సగం రోజు కావాలని అబ్బాయికో అమ్మాయికో రెండు రోజుల ముందే చెప్పేయండి. విమానం దిగిన మొదటి వారంలో మాత్రం పెట్టుకోకండి. పగలు నిద్ర, రాత్రి మెలకువ ఉన్నప్పుడు వంతెన కాదు కదా, ఇంటి ముందు రోడ్డు కూడా ఎక్కదు.

ముందు రోజు చూసుకోండి

మనం ఎండలు తప్పించుకుందామని మేలో బయల్దేరతాం. అక్కడ జూన్, జూలై, ఆగస్టు నెలల్లోనే పొగమంచు ఎక్కువ. వేసవిలో మంచేమిటని నాకూ అనిపించింది. సంగతి ఇదీ. ఆ తీరంలో పసిఫిక్ నీళ్ళు బాగా చల్లగా ఉంటాయి. వాటి మీదుగా వచ్చే తేమ గాలి చల్లబడి మంచవుతుంది. లోపలి వైపు సెంట్రల్ వ్యాలీ అనే పెద్ద మైదానం ఉంది, వేసవిలో అది మన రెంటచింతలలా కాగుతుంది. అక్కడ వేడెక్కిన గాలి పైకి లేస్తుంటే, దాని చోటులోకి సముద్రపు గాలి దూసుకొస్తుంది. దారిలో తీరం పొడవునా కొండలు అడ్డం, పెద్ద సందు ఒక్కటే. ఆ సందు పేరే గోల్డెన్ గేట్. వంతెన కట్టింది సరిగ్గా ఆ సందు మీదే. మరి మంచు వంతెన మీద నుంచి పోక ఎక్కడికి పోతుంది? ఊళ్ళోవాళ్ళు ఆ మంచుకి కార్ల్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆకాశం తేటగా ఉంటుంది. అప్పటిదాకా ఉండేవాళ్ళు తొందరపడొద్దు. వేసవిలోనే తిరిగొచ్చేసేవాళ్ళు పొద్దున్నే కాకుండా, మంచు కాస్త విడిచే మధ్యాహ్నం వేళ పెట్టుకోండి. వీలైతే వారం మధ్యలో వెళ్ళండి, శని ఆదివారాల్లో తోసుకుంటూ నడవాలి. బయల్దేరే ముందు ఫోన్లో లైవ్ కెమెరా చూసి చెప్పమంటే పిల్లలు క్షణంలో చెప్తారు.

మంచు ఉందని తెలిసినా ప్రయాణం మానుకోకండి. వంజంగిలో మేఘాలు చూడ్డానికి తెల్లవారుజామున మూడింటికి లేచి, చీకట్లో కొండెక్కేది మనమే కదా. ఇక్కడ ఆ మేఘాల్లోంచి రెండు నారింజ రంగు కొమ్ములు పైకి వస్తాయి. ఉత్తరం వైపు కొండ మీద బ్యాటరీ స్పెన్సర్ అనే పాత ఫిరంగి స్థావరం ఉంది. వంతెన మంచులో మునిగినా అక్కణ్ణుంచి టవర్ల చివరలు కనిపించే రోజులుంటాయి.

బట్టల విషయంలో నా మాట వినండి

మొదటిసారి నేను చేసిన పొరపాటు ఇదే. మనదీ సముద్రం పక్క ఊరే, వాళ్ళదీ సముద్రం పక్క ఊరే, చెమట తప్ప ఏముంటుందిలే అనుకున్నాను. ఇంటి దగ్గర, అంటే ఫ్రీమాంట్‌లో, బయల్దేరేటప్పుడు 30 డిగ్రీలు. పొట్టి చేతుల చొక్కా, చెప్పులు. మా ఆవిడ నూలు చీర. గంట తర్వాత వంతెన దగ్గర కారు తలుపు తీశాక 14 డిగ్రీలు, పైగా మనిషిని తోసేసే గాలి. "ఏటండీ ఈ చలి, జూలై అన్నారు కదా!" అని మా ఆవిడ నా మీద విరుచుకుపడింది, జూలైని నేనే పంపించినట్టు. పమిట ఒకచోట నిలవదు, కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి. చివరికి దగ్గర్లో ఉన్న ఒక దుకాణంలో వంతెన బొమ్మ ఉన్న స్వెట్‌షర్టులు రెండు కొన్నాం. ధర రూపాయల్లోకి మార్చుకుని చూడకుండా ఉండాల్సింది. బిల్లు కొట్టే అతని నవ్వు చూస్తే తెలిసింది, మనలాంటివాళ్ళు రోజూ వస్తారని. వైజాగ్‌లో అది వేసుకునే రోజు ఇంకా రాలేదు. అరకు వెళ్ళినప్పుడు ఒకసారి వాడాం, అంతే.

కాబట్టి: ఒకదాని మీద ఒకటి వేసుకునే బట్టలు, పైన గాలి చొరబడని జాకెట్టు, కాళ్ళకు బూట్లు. ఆడవాళ్ళకు ఆ ఒక్క రోజుకి పంజాబీ డ్రెస్సో ప్యాంటో హాయి. చీరే కట్టుకుంటామంటే పిన్నులు రెట్టింపు పెట్టుకోండి. మంకీ క్యాప్ తప్పనిసరి. మనవడు నవ్వుతాడు, నవ్వనివ్వండి, చెవులు మనవి.

వెళ్ళే దారి

కారులో అయితే దక్షిణం వైపు, అంటే శాన్ ఫ్రాన్సిస్కో ఊరి వైపు దిగాలి. అక్కడి పార్కింగ్ చిన్నది, త్వరగా నిండిపోతుంది. దొరక్కపోతే పిల్లలు మనల్ని దించి, దూరంగా పెట్టి వస్తారు. కారులో బ్యాగు, పర్సు, చివరికి ఖాళీ సంచీ కూడా పైకి కనపడేలా వదలొద్దు. అద్దం పగలగొట్టి ఎత్తుకుపోవడం ఆ ఊళ్ళో మామూలే. పాస్‌పోర్టు ఇంట్లోనే ఉండనివ్వండి.

టోల్ ఉత్తరం నుంచి ఊళ్ళోకి వచ్చేటప్పుడే. 2013 నుంచి అక్కడ డబ్బులు తీసుకునే మనిషి లేడు, నంబరు ప్లేటు ఫొటో తీసి బిల్లు పంపుతారు. నడిచేవాళ్ళకు ఏమీ లేదు, ఉచితం.

పిల్లలకు సెలవు దొరక్కపోతే బస్సులో కూడా వెళ్ళొచ్చు. రెండోసారి మేమిద్దరం అలాగే వెళ్ళాం. బార్ట్ అనే లోకల్ రైల్లో డేలీ సిటీ స్టేషన్ దాకా, అక్కడ మునీ అనే వాళ్ళ సిటీ బస్సు, 28 నంబరుది ఎక్కితే తిన్నగా వంతెన దగ్గర దించుతుంది. క్లిప్పర్ కార్డు రైలుకీ బస్సుకీ పనిచేస్తుంది. 65 దాటినవాళ్ళకి సీనియర్ క్లిప్పర్‌తో రాయితీ ఉంటుంది. మన 28 నంబరు బస్సు ఆర్.కె. బీచ్ నుంచి సింహాచలం పోతుంది కదా, "నంబరు కూడా మనదేనండీ" అని మా ఆవిడ దారంతా సంతోషపడింది.

వంతెన ఎక్కేముందు

రెండు పనులు. ఒకటి, అక్కడే బాత్రూముకి వెళ్ళి రండి. వంతెన మీద ఎక్కడా ఉండదు, మళ్ళీ అవతలి గట్టు మీదే. షుగరు ఉన్నవాళ్ళు జేబులో ఏదైనా పెట్టుకోండి. మేం పులిహోర డబ్బా, మంచినీళ్ళు తీసుకెళ్ళాం.

రెండోది, కేబుల్ ముక్క చూడండి. వంతెన మొదట్లో, చీఫ్ ఇంజినీరు జోసెఫ్ స్ట్రాస్ విగ్రహం ఉన్న తోట దగ్గర, వంతెన ప్రధాన కేబుల్‌ని అడ్డంగా కోసినట్టు చూపించే నమూనా ఉంది. అందరూ దాని పక్కన నిలబడి ఫొటో దిగి పోతారు. నేను అక్కడ ఇరవై నిమిషాలు నిలబడ్డాను. స్టీల్ ప్లాంటులో వైర్ రాడ్ మిల్లులో పనిచేసిన వాణ్ణి, కదల్లేకపోయాను. మా మిల్లులో 5.5 మిల్లీమీటర్ల రాడ్ ఎర్రగా కాలుతూ పాములా వచ్చి చుట్టలు పడేది. ఈ కేబుల్‌లో ఒక్కో తీగ 5 మిల్లీమీటర్ల లోపే, పెన్సిలంత. అలాంటివి 27,572 తీగలు కలిపి, అదిమి, ఒకటే మోకుగా చుట్టారు. అడ్డం 92 సెంటీమీటర్లు. దగ్గరగా చూస్తే తేనెపట్టులా ఉంటుంది. రెండు కేబుళ్ళలోని తీగని విప్పి పరిస్తే సుమారు 1,28,000 కిలోమీటర్లు, భూమి చుట్టూ మూడుసార్లు తిరిగి ఇంకా మిగులుతుంది. అంత బరువు కేబుల్ని తయారు చేసి పైకెత్తలేరు కాబట్టి, ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి చక్రాలు నడిపి, తీగ తర్వాత తీగ లాగుతూ అక్కడే అల్లారు. ఆ అల్లిక ఆరు నెలల పైచిలుకులో అయిపోయింది.

వేలాడే వంతెన ఎలా నిలబడుతుందో పిల్లలకు చెప్పాలంటే దండెం చాలు. రెండు గుంజల మీదుగా తాడు వేసి, దాని రెండు కొసలూ నేలలో మేకులకు కట్టండి. తడి దుప్పటి ఆరేస్తే తాడు మధ్యలో కిందికి జారుతుంది, గుంజలు నేల మీద అదుముకుంటాయి, మేకులు పెకలించుకు రావాలని చూస్తాయి. గుంజలు టవర్లు. తాడు కేబుల్. దుప్పటి రోడ్డు, దాన్ని కేబుల్‌కి నిలువు తాళ్ళతో వేలాడదీశారు. మేకుల చోట రెండు గట్ల మీదా కొండంత కాంక్రీటు దిమ్మలున్నాయి. ఇదంతా మనవడికి చెప్తే, "తాతయ్యా, అయితే రోడ్డు ఆరిపోయిందా?" అన్నాడు.

ఇక నడక

నడిచేవాళ్ళకు తూర్పు వైపు కాలిబాట, అంటే ఊరు, ఖాతం కనిపించే వైపు. ఉదయం 5 గంటలకు తెరుస్తారు. చలికాలంలో సాయంత్రం 6:30కి, గడియారాలు ముందుకు జరిపే వేసవి నెలల్లో రాత్రి 9కి మూస్తారు. సైకిళ్ళు కూడా అదే బాట మీద వస్తాయి కొన్ని వేళల్లో. గీత దాటకుండా ఓ పక్కగా నడవండి. ఫొటో కోసం వెనక్కి వెనక్కి అడుగులేయడం ఎంత ప్రమాదమో నాకు ఒక సైకిలతని గంట చెప్పింది. ఫోనుకి మెడలో తాడు వేసుకోండి, ఆ గాలికి చేతిలోంచి జారితే ఇక పసిఫిక్‌దే.

మొత్తం పొడవు 2.7 కిలోమీటర్లు, వెనక్కి కూడా నడవాలి కాబట్టి రెట్టింపు వేసుకోండి. పొద్దున్నే మన బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా వాకింగ్ చేసేవాళ్ళకు ఇదో లెక్క కాదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మొదటి టవర్ దాకా వెళ్ళి తిరిగొచ్చేయండి, తాపీగా నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాలు. మా ఆవిడ అక్కడితో ఆగింది. నేను మధ్య దాకా వెళ్ళాను. ఎవరికీ ఏమీ తక్కువ కాలేదు.

టవర్ దగ్గర ఆగి చెయ్యి పెట్టి చూడండి. గ్లౌజు తీసేసి. రివెట్ల తలలు గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి, ఏళ్ళ తరబడి పడిన రంగు పొరలతో మెత్తబడ్డట్టు తగులుతాయి. మంచు రోజయితే వాటి మీద తడి ఉంటుంది. ఒక్కో టవర్‌లో సుమారు 6 లక్షల రివెట్లు ఉన్నాయట. ఎత్తు నీటి మీంచి 227 మీటర్లు. బీచ్ రోడ్డులో మన కురుసుర సబ్‌మెరైన్ 91 మీటర్లు. అలాంటివి రెండు నిలువునా ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఇంకా మూడోది సగం కావాలి. ఈ ఉక్కు పెన్సిల్వేనియా వైపు మిల్లుల్లో తయారై, ఓడల్లో పనామా కాలువ దాటి వచ్చింది.

"బంగారం ఏదండీ?" అని మా ఆవిడ అక్కడే అడిగింది. చాలామందికి ఉండే అనుమానమే. గోల్డెన్ గేట్ అనేది వంతెన పేరు కాదు, కింది జలసంధి పేరు. 1846లో జాన్ ఫ్రీమాంట్ పెట్టాడు, అక్కడ బంగారం బయటపడక ముందే. వంతెన రంగుని ఇంటర్నేషనల్ ఆరెంజ్ అంటారు. ఉక్కు ముక్కలు ఫ్యాక్టరీ నుంచి ప్రైమర్ పూసుకుని ఎర్రగా వచ్చాయి. వెనక కొండల ముందు ఆ రంగు బాగుందని ఆర్కిటెక్ట్ ఇర్వింగ్ మోరో పట్టుబట్టాడు. నౌకాదళం మాత్రం ఓడలకు కనబడేలా నలుపు పసుపు చారలు వేయమంది. ఆ మాట నెగ్గి ఉంటే పెద్ద కందిరీగలా ఉండేది. ఒక చివర మొదలెట్టి రెండో చివరకు వచ్చేసరికి మళ్ళీ మొదలెడతారని అందరూ చెప్తారు, అది నిజం కాదు. తుప్పు చూపిన చోటల్లా ఏడాది పొడవునా తుడిచి పూస్తుంటారు. బీచ్ దగ్గర ఇల్లున్నవాళ్ళకి ఉప్పు గాలి కిటికీ ఊచల్ని ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

మధ్యకి వెళ్ళాక కాసేపు నిలబడండి. పెద్ద బస్సు పోయినప్పుడు కాళ్ళ కింద సన్నగా అదురుతుంది. భయపడొద్దు, వేలాడేది కదలాలి. గాలికి మధ్య భాగం పక్కకు 8 మీటర్లకు పైగా ఊగినా తట్టుకునేలా కట్టారు. 1987లో యాభై ఏళ్ళ పండుగకి మన గిరి ప్రదక్షిణలా సుమారు 3 లక్షల మంది ఒకేసారి ఎక్కేస్తే, విల్లులా వంగి ఉండే రోడ్డు మధ్యలో చదునైపోయింది. వంతెనకి ఏమీ కాలేదు.

కిందికి చూస్తే నీళ్ళు 67 మీటర్ల లోతున ఉంటాయి. అదృష్టం బాగుంటే ఓక్లాండ్ పోర్టుకి పోయే కంటెయినర్ ఓడ సరిగ్గా మీ కాళ్ళ కిందనుంచి పోతుంది. మనకి ఓడలు కొత్త కాదు, డాల్ఫిన్ నోస్‌కీ రాస్ హిల్‌కీ మధ్య దూరేవి చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం. కానీ ఓడని నడినెత్తి మీంచి చూడటం వేరు. అప్పుడే గుర్తొచ్చింది, ఈ వంతెన పని మొదలైంది 1933 జనవరి 5న. అదే ఏడు అక్టోబరు 7న మన హార్బరులోకి మొదటి ఓడ జలదుర్గ వచ్చింది. రెండు సముద్రాల గట్టున ఒకే ఏడాది ఒకే రకం సందడి.

కాలిబాట అంచున, కాస్త కింద, ఉక్కు వల కనిపిస్తుంది. ఎవరూ అఘాయిత్యం చేసుకోకుండా కట్టిన వల అది, 2024లో పూర్తయింది. కట్టేటప్పుడు కూడా కింద వల ఉండేది, కూలీల కోసం. అందులో పడి 19 మంది బతికి, సరదాగా 'సగం దూరం నరకానికి' అని ఓ క్లబ్బు పెట్టుకున్నారు. 1937 ఫిబ్రవరి 17న మాత్రం పరంజా ఒకటి తెగి ఆ వలని చించుకుని నీళ్ళలో పడింది, పది మంది పోయారు. మూడు నెలల తర్వాత, మే 27న, వంతెన తెరిచారు. మొదటి రోజు బళ్ళు లేవు, నడిచేవాళ్ళకే.

తిరిగొచ్చేటప్పుడు స్ట్రాస్ విగ్రహం మళ్ళీ కనిపిస్తుంది. లెక్కలన్నీ నెలల తరబడి కట్టిన ఇంజినీరు పేరు చార్లెస్ ఎల్లిస్. స్ట్రాస్ ఆయన్ని 1931లో పనిలోంచి తీసేశాడు, ప్రారంభం నాడు పేరు కూడా లేదు. ఆయన ఘనతని వంతెన యాజమాన్యం ఒప్పుకుంది 2007లో. విగ్రహం పక్కన ఫొటో దిగేటప్పుడు ఎల్లిస్‌ని కూడా ఓసారి తలుచుకోండి. మిల్లులో పనిచేసినవాళ్ళకి ఇలాంటి కథలు బాగా అర్థమవుతాయి.

ఇంకా ఓపిక ఉంటే

నడవలేనివాళ్ళు తోడుంటే వాళ్ళని క్రిసీ ఫీల్డ్‌కి తీసుకెళ్ళండి. చదునైన బాట, బెంచీలు, ఎదురుగా వంతెన. ఫోర్ట్ పాయింట్ అనే ఇటుక కోట వంతెన కిందే ఉంది, కోట కూలగొట్టకుండా దాని మీదుగా ప్రత్యేకంగా ఒక ఆర్చి కట్టారు. అది అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్ళండి.

నా ఓటు ఫెర్రీకి. వంతెన దాటి ససలీటో అనే చిన్న ఊళ్ళో పిల్లలు దించేస్తే, అక్కణ్ణుంచి పడవలో శాన్ ఫ్రాన్సిస్కో ఫెర్రీ బిల్డింగుకి అరగంట. క్లిప్పర్ కార్డే చాలు. ఎక్కగానే కుడి చేతి వైపు చోటు పట్టుకోండి, వంతెన ఆ పక్కే. సాయంత్రమైతే సూర్యుడు దాని వెనకే దిగుతాడు. అందరూ పై డెక్కుకి పరుగెత్తుతారు, మీరూ వెళ్ళండి. మంకీ క్యాప్ మాత్రం అప్పుడే తీయకండి.